పడవకు దీపం, సైకిలుకు దీపం



నెల్లూరు నుంచి సముద్రం వైపు పోయే రోడ్లు మీకు తెలిసినవే. ఇందుకూరుపేట మీదుగా మైపాడు వెళ్లే రోడ్డు, ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నం వెళ్లే రోడ్డు, కోవూరు దాటి విడవలూరు, అల్లూరు వైపు సాగే రోడ్డు, దక్షిణాన కోట, వాకాడు మీదుగా తూపిలిపాళెం చేరే రోడ్డు. పొద్దు వాలాక ఈ రోడ్ల మీద సైకిలు తొక్కేవాళ్లు ఎవరో ఒకసారి తలుచుకుందాం. రొయ్యల చెరువులకు రాత్రి కాపలా వెళ్లేవాళ్లు ఉంటారు. పోర్టులోనో, థర్మల్ కేంద్రంలోనో షిఫ్టు దిగి ఊరికి తిరిగొచ్చే కాంట్రాక్టు కూలీలు, సెక్యూరిటీ గార్డులు ఉంటారు. కాలవల వెంట పీతలు, చేపలు పట్టుకుని గుడిసెకు చేరుకునే యానాదులు ఉంటారు. తెల్లవారుజామునైతే పాలక్యాన్లు తగిలించుకున్నవాళ్లు, పేపర్లు వేసే కుర్రాళ్లు, వేటకు పోవడానికి సముద్రం ఒడ్డుకు బయల్దేరినవాళ్లు. పరీక్షల కాలంలో బడిలో ప్రత్యేక తరగతులు ముగించుకుని చీకట్లో ఇంటిదారి పట్టే పదో తరగతి పిల్లలు.

వీళ్ల సైకిళ్లలో చాలావాటికి ముందు దీపం ఉండదు. వెనక మడ్‌గార్డు మీద ఉండాల్సిన ఎర్ర బిళ్ల ఎప్పుడో పగిలిపోయి ఉంటుంది. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ దీపం లేని సైకిళ్ల గురించీ, రోడ్డు మీద మనం ఒకరినొకరు చూసుకునే తీరు గురించీ. ఈ రెండూ వేరు వేరు సంగతులుగా కనిపిస్తాయి గానీ, ఒకదాన్ని వదిలి రెండోదాన్ని బాగుచేయలేమని నా నమ్మకం.

రాత్రిపూట ఆఖరి క్షణంలో బ్రేకు పడి, ప్రమాదం తృటిలో తప్పిందనుకోండి. కారులోంచో లారీలోంచో ఒక మాట వస్తుంది: "చావడానికి నా బండే దొరికిందా?" సైకిలు మీద ఉన్నాయన వైపు నుంచి జవాబు వస్తుంది: "ఇంత మనిషిని, కళ్లు కనపడలేదా?" ఇద్దరి గుండెలూ దడదడలాడుతూనే ఉంటాయి. ఇద్దరూ భయపడ్డారు. ఆ భయం క్షణంలో కోపమైంది. బండి నడిపేవాడు, వీడికి బుద్ధి లేదు అనుకుంటూ పోతాడు. సైకిలాయన, వీడికి డబ్బు మదం అనుకుంటూ పోతాడు. మర్నాడు రాత్రి ఇద్దరూ అదే రోడ్డు మీద, అదే వేగంతో, అదే చీకట్లో. ఏమీ మారలేదు.

నిజానికి ఆ ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరికి కనిపించింది వాళ్లు చెబుతున్నారు. చీకట్లో మన కన్ను పనిచేసే పద్ధతి తెలిస్తే ఈ తగాదా సగం తీరిపోతుంది.

సైకిలు మీద ఉన్నాయనకు ఎదురుగా వచ్చే లారీ కిలోమీటరు దూరం నుంచే కనిపిస్తుంది. రెండు పెద్ద దీపాలు. ఆ వెలుతురు తన చేతుల మీద, హ్యాండిల్ మీద పడుతున్నట్టు కూడా ఆయనకు తెలుస్తుంది. దాంతో, నాకు వాడు ఇంత బాగా కనపడుతున్నాడంటే వాడికి నేనూ అంతే బాగా కనపడుతుంటాను అని మనసు లెక్కవేసుకుంటుంది. ఆ లెక్క తప్పు. లారీకి దీపం ఉంది కాబట్టి కనిపించింది. సైకిలు కనపడాలంటే లారీ వెలుతురు వెళ్లి సైకిలు మీద పడి, అందులో కొంత తిరిగి డ్రైవరు కంటికి చేరాలి. నల్లటి ప్యాంటు, ముదురు రంగు చొక్కా, మట్టికొట్టుకుపోయిన సైకిలు ఆ వెలుతురును మింగేస్తాయే తప్ప తిరిగి పంపవు. నడిచేవాళ్లూ సైకిలు తొక్కేవాళ్లూ రాత్రిపూట తాము కనిపించే దూరాన్ని ఉన్నదానికంటే ఎక్కువగా ఊహించుకుంటారని పరిశోధకులు అనేక దేశాల్లో పరీక్షించి తేల్చారు. చదువుకున్నవాళ్లూ చదువు లేనివాళ్లూ అందరూ పడే పొరపాటే ఇది.

ఇప్పుడు బండి నడిపేవాళ్ల లెక్క చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. అడ్డం ఏదో ఉందని కన్ను గుర్తించి, కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపు ఒకటిన్నర సెకను గడిచిపోతుంది. అంటే బ్రేకు పడకముందే బండి 25 మీటర్లు వెళ్లిపోయింది. బ్రేకు పడ్డాక కారు ఆగడానికి ఇంకో 25, 30 మీటర్లు కావాలి. మొత్తం 50 మీటర్ల పైమాటే. బొగ్గో బూడిదో నింపుకున్న లారీకి ఇంకా ఎక్కువ కావాలి. డిప్ లైటులో ముదురు బట్టల మనిషి 30 మీటర్ల దగ్గరికి వచ్చేదాకా సరిగ్గా కనపడకపోవచ్చు. 50 మీటర్లలో ఆగే బండికి 30 మీటర్లలో మనిషి కనపడితే, మధ్యలో ఆ 20 మీటర్ల తేడాయే ప్రాణం తీస్తుంది. డ్రైవరు మంచివాడైనా, తాగకపోయినా, నిద్రమత్తులో లేకపోయినా ఆ తేడా అలాగే ఉంటుంది.

ఈ తేడాను రెండు వైపుల నుంచీ పూడ్చవచ్చు. సైకిలు మీద వెలుతురును తిప్పి పంపే రిఫ్లెక్టరో, చిన్న ఎర్ర దీపమో ఉంటే ఆ మనిషి 100 మీటర్ల అవతల నుంచే తెలుస్తాడు. లేదంటే బండి నడిపే మనిషి వేగం తగ్గించుకుని, తనకు కనపడినంత దూరంలో ఆగగలిగేలా నడపాలి. రెండూ జరిగితే నిశ్చింత. కనీసం ఒకటి జరిగినా మనిషి బతుకుతాడు. రెండూ జరగని రోడ్డు మీద ప్రతి రాత్రీ అదృష్టాన్ని నమ్ముకునే బతకాలి.

ఇందులో ఇంకో చిక్కుంది. ఎదురుగా వచ్చే బండి హై బీమ్ దించకపోతే మన కళ్లు చెదిరిపోతాయి. ఆ మెరుపు దాటిపోయాక చూపు మళ్లీ కుదురుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల మీద ఐదు సెకన్లంటే 80 మీటర్లకు పైగా గుడ్డిగా నడపడమే. సరిగ్గా ఆ 80 మీటర్లలోనే రోడ్డు అంచున సైకిలు ఉంటుంది. సైకిలు మనిషి పరిస్థితి ఇంకా ఘోరం. ఆయన కళ్లు కూడా చెదిరి, రోడ్డు అంచు ఎక్కడుందో తెలియక దిగిపోతే పక్కనే కాలవ, లేదా రొయ్యల చెరువు. ఎదుటివాళ్ల కళ్లు చెదిరేలా దీపం ఉండకూడదని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోనే రాసి ఉంది. రాత్రిపూట డిప్పర్ వాడమని ప్రతి లారీ వెనకా ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఇప్పుడు బండ్లకు అదనంగా బిగించుకునే తెల్లటి ఎల్‌ఈడీ ఫోకస్ లైట్లు ఆ నిబంధననూ, ఆ రాతనూ రెంటినీ వెక్కిరిస్తున్నాయి. దీపం లేని సైకిలు ఎంత ప్రమాదమో, దించని దీపమూ అంతే ప్రమాదం. మొదటిదాన్ని పేదరికం అని కసురుకుంటాం. రెండోదాన్ని దర్జా అని డబ్బు పెట్టి బిగించుకుంటాం.

పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒకప్పుడు చీకటి పడ్డాక లైటు లేకుండా సైకిలు మీద కనపడితే పోలీసాయన ఆపేవాడు. డబుల్స్ పోతే ఆపేవాడు. జరిమానా అన్నా రాసేవాడు, టైర్లలో గాలన్నా తీసేసేవాడు. అందుకని కిరసనాయిలు దీపమో, టార్చిలైటో, ఉన్నవాళ్లయితే చక్రానికి రాసుకుంటూ తిరిగే డైనమోనో ఉండేది. డైనమోలో గుణముంది, లోపమూ ఉంది. బ్యాటరీ ఖర్చు లేదు, కానీ టైరుకు ఆనించగానే సైకిలు బరువెక్కుతుంది, ఆగగానే దీపం ఆరిపోతుంది. క్రమంగా స్కూటర్లు, మోటారు సైకిళ్లు వచ్చాయి. జరిమానాలన్నీ హెల్మెట్టు, లైసెన్సు, ఇన్సూరెన్సు చుట్టూ చేరాయి. సైకిలుకు లైసెన్సు లేదు, నంబరు లేదు, ఇన్సూరెన్సు లేదు. ఆపి అడిగేవాళ్లు లేరు. గాలి తీసేసే ఆ పాత పద్ధతి తిరిగి రావాలని నేను కోరడం లేదు. పేదవాణ్ని రాత్రిపూట అయిదారు మైళ్లు సైకిలు తోసుకుపొమ్మనడం న్యాయం కాదు. కానీ ఆ రోజుల్లో సైకిలును రోడ్డు మీది వాహనంగా లెక్కపెట్టారు. ఇప్పుడు లెక్కలోంచే తీసేశాం. ఎవరూ ఆపి అడగని బండిని మన కళ్లు కూడా బండిగా చూడటం మానేశాయి.

లెక్కలోంచి తీసేసిన సంగతి రోడ్డును చూస్తేనే తెలుస్తుంది. మన తీరం రోడ్లు చాలావరకు కట్టల మీద ఉంటాయి. అటు వరిచేను, ఇటు చెరువు. తారు అంచు దాటితే దిగువకు జారే మట్టి, దాని మీద సర్కారు తుమ్మ కంపలు. వెనక హారన్ కొడితే సైకిలాయన ఎక్కడికి దిగాలి? దిగితే ముళ్లు, లేదా నీళ్లు. బకింగ్‌హామ్ కాలువ మీది వంతెనలు చూడండి. ఎత్తుగా ఉంటాయి. బరువుతో సైకిలు తొక్కేవాడు ఎక్కలేక దిగి తోస్తాడు. అవతల నుంచి వచ్చే బండికి వంతెన నడుం దాటేదాకా ఇవతల ఎవరున్నారో తెలియదు. వరికోతల కాలంలో ఇంకోటి. రోడ్డు సగం మీద వడ్లు ఆరబోసి, ఎవరూ తొక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు. రైతు బాధ నాకు తెలుసు, ఆరబెట్టుకోవడానికి కళ్లాలు లేవు. కానీ రాత్రి ఆ రాళ్లు కనపడవు. సైకిలు రోడ్డు నడిమధ్యకు రాక తప్పదు. కోతమిషన్లు, వెనక ఒక్క దీపం కూడా లేని ట్రాక్టర్ ట్రాలీలు అదే సగం రోడ్డులోంచి పోవాలి.

2008లో కృష్ణపట్నం పోర్టు మొదలైంది. దాని వెంట థర్మల్ కేంద్రాలొచ్చాయి. జాతీయ రహదారి నుంచి పోర్టుకు నాలుగు వరసల రోడ్డు వచ్చింది. మంచిదే. కానీ మధ్యలో డివైడర్ కట్టాక, అవతలి పక్కకు దాటే ఖాళీ ఎక్కడో దూరంగా ఉంటుంది. అరకిలోమీటరులో ఉన్న ఊరికి రెండు మూడు కిలోమీటర్లు చుట్టి రమ్మంటే కాళ్లతో తొక్కేవాడు రాడు. రాంగ్ రూటులో వస్తాడు. అప్పుడు వెనక ఎర్ర బిళ్ల ఉన్నా దండగే, ఎదురుగా వచ్చే లారీకి కనపడేది సైకిలు ముందు భాగం. అక్కడ దీపం లేదు. రాంగ్ రూటు తప్పే. దాన్ని నేను సమర్థించను. ఆ తప్పు చేయడం తప్ప దారి లేకుండా రోడ్డు వేసినవాళ్లకు కూడా అందులో వాటా ఉందని మాత్రం చెబుతాను.

శ్రోతలారా, ఇక్కడ నేను మిమ్మల్ని ఒడ్డు దాటించి సముద్రం మీదికి తీసుకుపోతాను. మన తీరంలో కృష్ణపట్నం, ఇసకపల్లి, రామాయపట్నం దీపస్తంభాలున్నాయి. ఆ దీపాల ముందు నుంచి వందల అడుగుల పొడవున్న బొగ్గు ఓడలు పోతాయి. అదే నీళ్ల మీద మన వాళ్ల ఫైబర్ పడవలూ తిరుగుతాయి. ఒక వైపు వేల టన్నులు, ఇంకో వైపు నలుగురు మనుషులు, ఒక వల. రోడ్డు మీద లారీకీ సైకిలుకీ ఉన్న తేడా కంటే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. మరి అక్కడ ఎలా నెగ్గుకొస్తున్నారు?

సముద్రం మీద ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా 1972లో దేశాలన్నీ కలిసి నియమాలు రాసుకున్నాయి. 1977 నుంచి అవి అమల్లో ఉన్నాయి. మన దేశమూ వాటిని ఒప్పుకుంది. ఆ నియమాల్లో నాకు ఎంతో నచ్చినవి మూడున్నాయి.

మొదటిది. తెడ్లు వేసుకుంటూ పోయే చిన్న పడవ కూడా చీకట్లో ఊరికే పోకూడదు. పెద్ద దీపాలు పెట్టలేకపోతే కనీసం ఒక టార్చిలైటో, వెలిగించిన లాంతరో చేతికి అందేలా ఉంచుకుని, ఢీకొనే ప్రమాదం రాకముందే చూపించాలి. చిన్నవాడివి, పేదవాడివి కాబట్టి నీకు మినహాయింపు అని సముద్రం అనదు. దీపం ఖర్చు మాత్రం ఆ పడవకు తగ్గట్టే అడుగుతుంది.

రెండోది. మామూలుగా ఇంజను మీద పోయే ఓడ, తెరచాప పడవకూ, వల వేసుకుని వేటలో ఉన్న పడవకూ దారి ఇవ్వాలి. తేలిగ్గా మలుపు తిరగగలిగినవాడు, తిరగలేని వాడికి తప్పుకోవాలి. అంతేకాదు, ప్రతి ఓడా ఎప్పుడూ కాపలా చూపుతో ఉండాలి, కనపడే దూరాన్ని బట్టి వేగం తగ్గించుకోవాలి. మంచు కమ్మితే నెమ్మదించాలి. నా పెద్ద ఓడ, నా ఇష్టం అనే మాట అక్కడ చెల్లదు. ఇరుకైన కాలవల్లో మాత్రం, పక్కకు తిరిగే వీలు లేని పెద్ద ఓడకు చిన్న పడవ అడ్డం రాకూడదన్నారు. అంటే ఎవరి ఇబ్బంది ఎక్కడ ఎక్కువో చూసి నియమం రాశారు.

మూడోది అన్నిటికంటే గొప్పది. దారి హక్కు నీదే అయినా, అవతలివాడు తప్పుకోవడం లేదని తెలిసినప్పుడు, గుద్దుకోకుండా చేయగలిగింది నువ్వూ చేయాలి. హక్కు నాది, వాడే చూసుకుంటాడు అని కళ్లు మూసుకుని పోవడానికి వీల్లేదు. అవతలివాడి తప్పు, నీ జాగ్రత్తకు సెలవు ఇవ్వదు.

ఈ మూడూ రోడ్డు మీదికి తెచ్చుకోవాలన్నదే ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్న మాట. సైకిలు తొక్కే అన్నా, నీ శక్తికి తగ్గ దీపం నువ్వు పెట్టుకో. బండి నడిపే నాయనా, బరువూ వేగమూ నీ చేతిలో ఉన్నాయి, తప్పుకోవాల్సిన బాధ్యత నీది. అవతలివాడు తన వంతు చేయకపోయినా మీ ఇద్దరిలో ఎవరూ తమ వంతు మానకండి. సైకిలుకు దీపం లేకపోవడం తప్పే. ఆ తప్పుకు మరణశిక్ష వేసే అధికారం మాత్రం ఏ బండికీ లేదు.

చట్టం ఏమంటుందో కూడా కొంచెం చెప్పుకుందాం. ఎందుకంటే ఈ విషయంలో పల్లెల్లో ఒక అపోహ ఉంది. సైకిలుకు లైటు లేదు కదా, పరిహారం ఏమీ రాదులే అని పెద్దమనుషులు కూర్చుని ఎంతో కొంతకు మాట తెంపేస్తుంటారు. అది నిజం కాదు. లైటు లేకపోవడం వల్ల సైకిలు మనిషి వైపు కూడా కొంత నిర్లక్ష్యం ఉందని న్యాయస్థానం భావిస్తే పరిహారంలో కొంత తగ్గించవచ్చు. అంతేగానీ హక్కు మొత్తం పోదు. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద, తప్పు ఎవరిదని నిరూపించనక్కర్లేకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షల పరిహారం కోరవచ్చు. గుద్దిన బండి ఏదో తెలియకుండా పారిపోయినా, 2022 ఏప్రిల్ నుంచి మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ఇచ్చే పథకం ఉంది. పోలీసు స్టేషన్లో కేసు నమోదు చేయించడం, కాగితాలు జాగ్రత్త చేసుకోవడం మరచిపోవద్దు.

గుద్దిన డ్రైవరు గాయపడినవాణ్ని వైద్యానికి చేర్చాలని అదే చట్టం 134వ సెక్షన్ చెబుతుంది. జనం కోపంతో మీద పడే పరిస్థితి ఉంటే తప్ప, అని ఒక మినహాయింపు కూడా అందులోనే రాసి ఉంది. ఆ మినహాయింపు చదివినప్పుడు నాకు బాధ కలుగుతుంది. జనం కొడతారని డ్రైవరు పారిపోతాడు, పారిపోతాడని జనం కొడతారు. ఈ గొడవలో రోడ్డు మీద పడి ఉన్న మనిషికి నెత్తురు కారిపోతూ ఉంటుంది. ఎవరైనా డ్రైవరు ఆగాడంటే, దయచేసి అతని మీద చెయ్యి చేసుకోకండి. బండి నంబరు రాసుకోండి, 108కి ఫోను చేయండి, మనిషిని ఆసుపత్రికి చేర్చండి. సాయం చేసినవాళ్లను కేసుల్లో ఇరికించకూడదని 2019 సవరణతో చట్టంలోనే రక్షణ ఉంది. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి 7 రోజులు లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం అందించే కేంద్ర పథకం కూడా ఉంది.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో లక్షా 68 వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో సైకిలు తొక్కేవాళ్లు 4 వేల పైచిలుకు, నడిచిపోతున్నవాళ్లు 32 వేల పైచిలుకు. కోయంబత్తూరు ఎముకల వైద్యుడు డాక్టర్ రాజశేఖరన్ 2012లో వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఏళ్ల తరబడి ఈ విషయం మీద ఆదేశాలిస్తూనే ఉంది. నడిచేవాళ్లు, సైకిళ్ల వంటి మోటారు లేని వాహనాల విషయంలో నిబంధనలు రాయమని, కళ్లు చెదరగొట్టే దీపాలను అదుపు చేయమని 2025 అక్టోబరులో ప్రభుత్వాలకు చెప్పింది. నిబంధనలు రావాలి. కానీ రాత్రి పదకొండు గంటలకు ముత్తుకూరు రోడ్డు మీద సైకిలుకూ లారీకీ మధ్య నిలబడేది నిబంధన కాదు, ఆ లారీ నడిపే మనిషి మనసు.

ఆ మనసు గురించి ఒక మాట మొహమాటం లేకుండా చెప్పాలి. కారు కనపడితే తప్పుకుంటాం. ఎదురుగా బస్సు వస్తే ఆగుతాం. సైకిలు కనపడితే హారన్ కొడతాం. రోడ్డు మీద సైకిలు పేదవాడి గుర్తు అయిపోయింది. వాడు తప్పుకోవాలి, అంతే, అనే అలవాటు మన రక్తంలోకి వచ్చేసింది. ఉదయాన్నే వ్యాయామం కోసం ఖరీదైన సైకిలు మీద, హెల్మెట్టు పెట్టుకుని వెళ్లేవాళ్లకు మనం ఇచ్చే ఖాళీ, గోతాం కట్టుకుని వెళ్లే కూలీకి ఇవ్వం. చెరువు కాపలాకు వెళ్లే మనిషి లేకపోతే రొయ్యలు లేవు. షిఫ్టుకు వెళ్లే మనిషి లేకపోతే మన ఇంట్లో కరెంటు లేదు. ఆ మనిషిని మనం రోడ్డుకు అడ్డం అంటున్నాం.

రాత్రిపూట తీరం వెంట వెళ్తే ఒక దృశ్యం కనిపిస్తుంది. రొయ్యల చెరువు గట్ల మీద వరసగా లైట్లు వెలుగుతుంటాయి, ఏరేటర్లు తిరుగుతుంటాయి. రొయ్యలకు ఊపిరాడకపోతే లక్షల నష్టం, అందుకని తెల్లవార్లూ కరెంటు ఉండాలి. ఆ చెరువుకు కాపలా వచ్చే మనిషి సైకిలుకు మాత్రం దీపం ఉండదు. చెరువుల యజమానులను చేతులెత్తి అడుగుతున్నాను. ఒక్క మేత బస్తా ఖరీదుతో పదిమందికి వెనక ఎర్ర లైట్లు వస్తాయి. పోర్టులో, కర్మాగారాల్లో పనిచేయించే కాంట్రాక్టర్లనూ అడుగుతున్నాను. గేటు లోపల మెరిసే చొక్కా తప్పనిసరి అంటారు, మంచిదే. షిఫ్టు అయ్యాక దాన్ని గేటు దగ్గర విప్పించుకోకుండా, ఒంటి మీదే ఇంటిదాకా పోనివ్వండి. కూలీ ప్రాణం మీ గేటు దగ్గర ఆగిపోయేది కాదు.

ఇక సైకిలు మీద పోయేవాళ్లు ఏం చేయాలి? ఎక్కువ ఖర్చు లేని పనులే చెబుతాను. నంబరు ప్లేట్లు రాసే షాపుల్లో ఎర్రటి రేడియం స్టిక్కర్ కొద్ది రూపాయలకు దొరుకుతుంది. వెనక మడ్‌గార్డుకు ఒక ముక్క, క్యారియర్ వెనక ఒక ముక్క అంటించుకోండి. తెల్లటిది ముందు హ్యాండిల్‌కు అంటించుకోండి. క్యారియర్ మీద మూట కడితే స్టిక్కర్ మూట చాటున పోతుంది, అలాంటప్పుడు మూటకే ఒక ముక్క కట్టండి. రెండు పెడళ్లకూ పసుపుపచ్చ స్టిక్కర్ వేయండి. దీనికో కారణముంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు రాత్రిపూట డ్రైవర్లకు రకరకాల దుస్తుల్లో సైకిలు తొక్కేవాళ్లను చూపించి పరీక్షించారు. నల్లబట్టలవాళ్లను గుర్తించినవాళ్లు నూటికి ఇద్దరు. మెరిసే చొక్కా ఒక్కటే ఉంటే నూటికి 50 మంది. ఆ చొక్కాతో పాటు మోకాళ్లకూ చీలమండలకూ మెరిసే పట్టీలు కడితే నూటికి 90 మంది. కారణమేమంటే, పైకీ కిందికీ ఆడే కాళ్లను చూడగానే, అది మనిషి అని మెదడు వెంటనే పోల్చుకుంటుంది. కదలని మెరుపు మైలురాయి కావచ్చు, కదిలే కాలు మనిషిదే.

వీలైతే చిన్న ఎల్‌ఈడీ లైటు పెట్టుకోండి. డెన్మార్క్‌లోని ఓడెన్స్ నగరంలో 2004, 2005 ప్రాంతాల్లో దాదాపు 4 వేల మంది మీద ఒక పరీక్ష జరిగింది. పగలూ రాత్రీ ఎప్పుడూ వెలిగే దీపాలు బిగించిన సైకిళ్లవాళ్లకు, గాయపడే ప్రమాదాలు 19 శాతం తక్కువగా జరిగాయి. ముందు తెలుపు, వెనక ఎరుపు, ఇది మరవద్దు. తెల్ల లైటు వెనక పెడితే వచ్చేవాళ్లు, మీరు ఎదురొస్తున్నారనుకుంటారు. సెల్‌ఫోను టార్చి జేబులోంచి వెలిగితే మీకు దారి కనపడవచ్చేమో గానీ, వెనకవాళ్లకు మీరు కనపడరు.

బండి నడిపేవాళ్లు చేయాల్సింది ఇంకా తక్కువ ఖర్చు. ఎదురుగా దీపం కనపడగానే డిప్ చేయండి. అవతలివాడు చేయలేదని పంతానికి పోయి మీరు హై బీమ్ వేస్తే, మధ్యలో చచ్చేది సైకిలువాడు. కళ్లు చెదిరితే కాలు బ్రేకు మీదికి రావాలి, యాక్సిలరేటర్ మీదికి కాదు. వంతెన ఎక్కేటప్పుడు, వడ్లు పోసిన చోట, ఊళ్ల దగ్గర, అక్కడ ఒక మనిషి ఉన్నాడనే అనుకుని నడపండి. సైకిలును దాటేటప్పుడు నాలుగడుగులైనా ఖాళీ ఇవ్వండి. దగ్గరగా రాసుకుపోయే లారీ గాలికే సైకిలు తూలిపోతుంది. చెవి పగిలే హారన్ వెనక నుంచి కొట్టకండి. ఉలిక్కిపడ్డ మనిషి ఏ పక్కకు తిరుగుతాడో చెప్పలేం.

బడుల్లో పనిచేసే అయ్యవార్లకు, టీచరమ్మలకు ఒక మనవి. బడికొస్తా వంటి పథకాల కింద ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్లు వచ్చాయి. ఆ సైకిలు వల్ల బడి మానకుండా నిలబడ్డ పిల్లలున్నారు. ప్రత్యేక తరగతులు పెట్టే ముందు ఒక గంట తీసుకుని, పిల్లల చేతనే వాళ్ల సైకిళ్లకు రేడియం అంటించండి. చీకటి పడ్డాక ఆ పిల్ల ఇల్లు చేరడం కూడా చదువులో భాగమే. పంచాయతీలు రోడ్డు అంచున తుమ్మ కంపలు కొట్టించాలి, వంతెనల దగ్గర దీపం పెట్టించాలి, రైతులకు వడ్లు ఆరబోసుకునే కళ్లాలు చూపించాలి.

మన పట్టపుపాళేల్లో, అంటే మత్స్యకారుల ఊళ్లలో, ఊరి పెద్దలైన కాపులు కూర్చుని ఒక మాట అనుకున్నారంటే ఊరంతా కట్టుబడుతుంది. వేట ఎప్పుడు, ఏ వల వాడాలి, ఎవరు ఎక్కడ ఆగాలి అన్నది అలా తేల్చుకున్న ఊళ్లు మనవి. అదే తీరున ప్రతి ఊళ్లోనూ ఒక మాట అనుకోవచ్చు. మన ఊరి సైకిలు ఏదీ రేడియం లేకుండా చీకట్లో రోడ్డెక్కదు. మన ఊరి బండి, ట్రాక్టరు, ఆటో ఏదీ ఎదుటివాడి కళ్లలో హై బీమ్ కొట్టదు. ఈ రెండు మాటలూ కలిపే అనుకోవాలి. ఒక్కటే అనుకుంటే అది ఒకరి మీద ఇంకొకరి పెత్తనం అవుతుంది. రెండూ అనుకుంటేనే అది ఒప్పందం. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు, నిధులు రానక్కర్లేదు. ఈ ఆదివారం రచ్చబండ దగ్గర పదిమంది కూర్చుంటే చాలు. మీ ఊళ్లో ఆ మాట మొదట ఎత్తేది మీరే కావాలని కోరుతున్నాను.